కేవీ అంటే బలం కాదు: డ్రోను మోటారు, రెక్కల జోడు



ఈ పూట మీకు ఒక మోటారును గురించి చెప్పదలచాను. అది బావి మోటారు కాదు, బోరు మోటారూ కాదు. యాభై అరవై గ్రాముల బరువుంటుంది. అరచేతిలో పెట్టి పిడికిలి మూస్తే కనబడదు. అయినా నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. అటువంటివి నాలుగు కలిస్తే కిలో, కిలోన్నర బరువును ఆకాశానికి ఎత్తి నిలబెడతాయి. అదే డ్రోను మోటారు.

“మాకెందుకయ్యా ఈ బొమ్మల గొడవ?” అని మీరడగవచ్చు. సత్యవేడు, వరదయ్యపాలెం మండలాలలో 2008లో శ్రీ సిటీ ఆరంభమైనది మొదలు మన పల్లెల పిలకాయల చేతికి స్క్రూడ్రైవరు వచ్చింది. పగలు ఫ్యాక్టరీలో షిఫ్టు, సాయంత్రం కయ్యలో నీళ్ళు. అక్కడే 2013 నుంచి ట్రిపుల్ ఐటీ కూడా ఉన్నది. కనుక మన ఇళ్ళలో ఒక కుర్రవాడు డ్రోను కడతానంటే వింతపడవలసిన పని లేదు. డబ్బు మాత్రం మీదే కదా! తండ్రి కష్టపడిన డబ్బు అరనిమిషంలో పొగైపోకుండా ఉండాలంటే ఆ మోటారు మీది అంకెలు మనకూ కొంచెం తెలిసి ఉండవలెను.

పొగ అన్నమాట ఊరికే అనలేదు. ఆ తప్పు నేనే చేయించాను. వినండి.

రెండేళ్ళ క్రిందట శ్రీ సిటీ దాపుల ఒక గ్రామంలో ఒక కుర్రవాడు నా వద్దకు వచ్చాడు. వాళ్ళ మామిడితోట ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి చూడాలంటే పూట పడుతుంది. పైనుంచి కెమెరాతో చూస్తే ఏ చెట్టు వాడింది, ఏ గెనిమ తెగింది అన్నీ తెలుస్తాయి గదా అని వాడి ఆలోచన. మంచి ఆలోచనే. ఫోనులో రెండు మోటార్లు చూపించి, “సార్, రెండూ ఒకే సైజు, ఒకే ధర. ఒకదాని మీద 1000 కేవీ అని ఉంది, ఇంకోదాని మీద 2200 కేవీ అని ఉంది. ఏది బలమైనది?” అని అడిగాడు. నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి, ఇంజనీరును కాను. తెలియదని చెబితే సరిపోయేది. అధికారి నోటి నుంచి ఆ మాట రాలేదు. “పెద్ద అంకె ఉన్నదే తీసుకో” అన్నాను.

వాళ్ళ నాయన చెనిక్కాయలు అమ్మిన డబ్బులో నుంచి ఇచ్చాడు. నాలుగు మోటార్లు వచ్చాయి. వాటికి 10 అంగుళాల రెక్కలు బిగించారు. నేనూ వెళ్ళాను. డ్రోను జానెడు ఎత్తు లేచింది, అదిరింది, ఒరిగింది. అంతలోనే ఒక మోటారు నుంచి పొగ. పరుగున వెళ్ళి బ్యాటరీ ఊడదీశాము. పిల్లవాడి ముఖం చూడలేకపోయాను. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. మోటారు చేతిలోకి తీసుకుని వాసన చూసి, “ఇది వైండింగు కాలిన కంపే సార్. దీనికి ఎన్ని చుట్లు చుట్టినారో?” అన్నాడు. ఇరవై ఏళ్ళుగా బోరు మోటార్లు కట్టించిన రైతు ఆయన. ఆ ఒక్క ప్రశ్నలోనే పాఠమంతా ఉన్నదని నాకు తరువాత తెలిసింది.

మోటారు మీద ‘ఏ2212/6టీ 2200కేవీ’ అని అచ్చువేసి ఉన్నది. మేము కొనకుండా వదిలేసిన దాని మీద ‘ఏ2212/13టీ 1000కేవీ’ అని ఉంటుంది. ఈ ‘టీ’ ఏమిటనుకున్నారు? చుట్లు! ఒకదానికి 6 చుట్లు, రెండవదానికి 13 చుట్లు. నాయన అడిగిన ప్రశ్నకు జవాబు కొడుకు చేతిలోనే ఉన్నది. చదవవలసినవాణ్ణి నేను, చదవలేదు.

ఇక ఆ అంకెల సంగతి ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట మోటారు జాతి తెలుసుకోవలెను. దీనిని బ్రష్‌లెస్ మోటారు అంటారు. పాత రకం బొమ్మ మోటార్లలో బొగ్గు బ్రష్షులు రాసుకుంటూ కరెంటును తిరిగే చుట్లకు అందిస్తాయి. రాసుకునేచోట అరుగుదల, నిప్పురవ్వలు తప్పవు. బ్రష్‌లెస్ మోటారులో ఈ బ్రష్షులు లేవు. రాగి చుట్లు లోపల కదలకుండా ఉంటాయి. అయస్కాంతాలు అంటించిన పై మూత గిర్రున తిరుగుతుంది. ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు ఇవ్వవలెనో లెక్కచూసే పని బయట ఉన్న చిన్న పెట్టెది. దానిని ఈఎస్‌సీ అంటారు, అనగా వేగాన్ని అదుపుచేసే పెట్టె. దాని నుంచి మోటారుకు మూడు తీగెలు వస్తాయి. మన త్రీఫేజు మోటారు తిరగబడితే రెండు ఫేజులు మార్చి కలుపుతాము గదా! ఇక్కడా అంతే. మూడింటిలో ఏ రెండు మార్చినా మోటారు ఎదురు దిక్కుకు తిరుగుతుంది.

ఈ జాతి మోటారు మనకు మరీ కొత్తదేమీ కాదు. ముప్పై వాట్లతో తిరిగే కొత్తరకం సీలింగు ఫ్యానులో ఉండేది ఇదే జాతి. ఇన్వర్టరు ఏసీ కంప్రెసరును తిప్పేదీ బ్రష్షులు లేని మోటారే. శ్రీ సిటీలో 2023లో ఏసీలు తయారుచేసే డైకిన్ ఫ్యాక్టరీ ప్రారంభమైనది. ఆ పక్క ఊళ్ళ పిల్లలకు ఏసీల పని కొత్త కాదు, ఈ మోటారు పేరూ కొత్త కాదు.

రెండవది, 2212 అనే అంకె. దీనిని విడదీసి చదవవలెను. మొదటి రెండు అంకెలు 22 అనగా లోపలి చుట్టల దిమ్మె 22 మిల్లీమీటర్ల వెడల్పు. తరువాతి 12 అనగా దాని ఎత్తు 12 మిల్లీమీటర్లు. ఎక్కువమంది తయారీదారులు ఇలాగే వ్రాస్తారు. కొందరు బయటి కొలతను వ్రాస్తారు గనుక కొనేముందు అడిగి తెలుసుకోండి. మోటారు తిప్పుడు బలం మొట్టమొదట ఈ దిమ్మె సైజు మీద ఆధారపడి ఉంటుంది. దిమ్మె పెద్దదైతే రాగి ఎక్కువ పడుతుంది, వేడిని ఎక్కువ ఓర్చుకుంటుంది. 2212 కంటె 2216 బలమైనది. 22తో మొదలయ్యేదానికంటె 41తో మొదలయ్యేది ఇంకా బలమైనది. బలం కావాలంటే చూడవలసిన అంకె ఇది సుమా!

మూడవది, అందరినీ తప్పుదారి పట్టించే కేవీ. ఊరి మీదుగా పోయే 11 కేవీ లైనులోని కేవీకీ దీనికీ సంబంధం లేదు. అక్కడ కేవీ అంటే వెయ్యి వోల్టులు. ఇక్కడ కేవీ అంటే, రెక్క బిగించకుండా మోటారుకు ఒక్క వోల్టు ఇస్తే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క. 1000 కేవీ మోటారుకు 11.1 వోల్టుల బ్యాటరీ పెడితే 1000ని 11.1తో గుణించండి, నిమిషానికి 11,100 చుట్లు. 2200 కేవీ అయితే 24,420 చుట్లు. రెక్క బిగించిన తరువాత ఇది తగ్గుతుంది. పూర్తి బరువు మీద నాలుగైదు వంతులలో ఒక వంతు, ఒక్కొక్కప్పుడు మూడో వంతు దాకా తగ్గవచ్చును.

ఇప్పుడు చుట్ల లెక్కకు రండి. అదే దిమ్మె మీద సన్నని తీగె ఎక్కువ చుట్లు చుడితే కేవీ తగ్గుతుంది. లావు తీగె తక్కువ చుట్లు చుడితే కేవీ పెరుగుతుంది. 13 చుట్లకు 1000, 10 చుట్లకు 1400, 6 చుట్లకు 2200. అంకె పెరిగిన కొద్దీ వేగం పెరుగుతుంది, కాని ఒక్కొక్క ఆంపియరుకు వచ్చే తిప్పుడు బలం అదే పాళ్ళలో తగ్గుతుంది. కేవీ రెట్టింపైతే ఆ బలం సగం. అంటే 2200 కేవీ మోటారు బలమైన ఎద్దు కాదు, పరుగు గుర్రం. దానికి అరక కట్టరాదు.

ట్రాక్టరుతో పోల్చి చూడండి. కేవీ గేరు వంటిది. రోటవేటరు దించి టాపు గేరులో పోనిస్తే ఏమవుతుంది? ఇంజను ముక్కి ఆగిపోతుంది. కరెంటు మోటారు గుణం వేరు. అది ఆగదు, ఆ వేగాన్ని అందుకోవాలని కరెంటు పీల్చుకుంటూనే ఉంటుంది. పీల్చిన కరెంటు తిప్పుడుకు సరిపోక వేడిగా మారుతుంది. తీగె మీది పూత కరుగుతుంది. తరువాత వచ్చేదే ఆ కంపు.

నాలుగవది, రెక్క. దీని మీద 1045 అని ఉంటే 10 అంగుళాల నిడివి, 4.5 అంగుళాల మెలిక అని అర్థం. మెలిక అంటే, కొయ్యలో దిగే మరమేకు మాదిరిగా ఆ రెక్క గాలిలో ఒక్క చుట్టులో ముందుకు పోవలసిన దూరం. మెలిక ఎక్కువైతే వేగంగా పోవడానికి మంచిది, మోటారుకు భారం. తోట మీద నిదానంగా నిలబడి చూడడానికి నిడివి ఎక్కువ, మెలిక తక్కువ ఉన్న రెక్క మేలు. పెద్ద రెక్క నిదానంగా తిరిగితే చిన్న రెక్క గబగబా తిరిగినదానికంటె తక్కువ కరెంటుతో ఎక్కువ బరువును మోస్తుంది.

అయితే నిడివి పెంచడంలో ఒక మోసం ఉన్నది. వేగం మారకుండా 8 అంగుళాల రెక్క తీసి 10 అంగుళాలది వేస్తే ఎత్తే బలం సుమారు రెండున్నర రెట్లవుతుంది. కాని మోటారు మీద పడే భారం మూడు రెట్లవుతుంది. వేగం సంగతి ఇంతకంటె కఠినం. అదే రెక్కను రెట్టింపు వేగంతో తిప్పితే ఎత్తే బలం నాలుగు రెట్లు, భారం ఎనిమిది రెట్లు. మా డ్రోనుకు జరిగినది ఇదే. 1000 కేవీకి తగిన 10 అంగుళాల రెక్కను 2200 కేవీ మోటారుకు కట్టాము. అది తన వేగానికి తిప్పాలంటే పదింతలకు మించిన శక్తి కావలసి వచ్చింది. ఆ పిట్ట గుండె అంత శక్తి ఎక్కడ నుంచి తెస్తుంది?

పంపుసెట్టు ఉన్నవారికి ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు. 3 హెచ్‌పీ మోటారుకు పెద్ద ఇంపెల్లరు బిగిస్తే ఆంపియర్ల ముల్లు ఎటు పోతుందో మీరెరుగుదురు.

11.1 వోల్టుల బ్యాటరీతో 2212 మోటారుకు వాడుకలో ఉన్న జోడు ఇది: 1000 కేవీకి 10 అంగుళాల రెక్క, 1400 కేవీకి 8 అంగుళాలు, 2200 కేవీకి 6 అంగుళాలు. అంకె పెరిగితే రెక్క తగ్గవలెను. 2200 చెడ్డ మోటారు కాదు, మేము కట్టిన జోడు చెడ్డది. 5 అంగుళాల రెక్కలతో పందెాలకు ఎగిరే డ్రోన్లకు ఎక్కువ కేవీ మోటార్లే వాడుతారు. మందు చల్లే పెద్ద డ్రోన్లలో 30 అంగుళాల రెక్కకు 100 కేవీ మోటారు ఉంటుంది. కేవీయే బలమైతే ఈ 100 కేవీది ఈగను కూడా లేపలేకపోవలెను గదా!

బ్యాటరీ మార్చినా జోడు మారుతుంది. లిపో బ్యాటరీలో ఒక్కొక్క గదికి 3.7 వోల్టులు. 3ఎస్ అంటే మూడు గదులు, 11.1 వోల్టులు. నిండుగా ఎక్కించినప్పుడు 12.6. “ఇంకొంచెం బలం వస్తుంది” అని 4ఎస్ పెడితే 14.8 వోల్టులు. అదే రెక్క ఉంచితే మోటారు మీద భారం రెట్టింపు దాటుతుంది. 4ఎస్ పెట్టదలచితే ఆ మోటారు 4ఎస్‌కు తగునో లేదో చూసి, రెక్కను 8 అంగుళాల దాకా దించవలెను.

ఇక కొనే వరుస చెబుతాను. మేము మోటారుతో మొదలుపెట్టి చెడ్డాము. మీరు తరాజుతో మొదలుపెట్టండి.

450 మిల్లీమీటర్ల చట్రం, నాలుగు మోటార్లు, నాలుగు ఈఎస్‌సీలు, బ్యాటరీ, కెమెరా, తీగెలు, కాళ్ళు అన్నీ కలిపి 1,400 గ్రాములు అనుకుందాం. ఎత్తే బలం దీనికి రెట్టింపు ఉండవలెను, అనగా 2,800 గ్రాములు. గాలి తోసినా, ఒరిగినా సర్దుకోవడానికి ఆ మిగులు కావాలి. నాలుగు మోటార్లకు పంచితే ఒక్కొక్కటి 700 గ్రాములు ఎత్తవలెను. తయారీదారు పట్టికలో ఏ రెక్కకు, ఏ వోల్టుకు ఎన్ని గ్రాములు, ఎన్ని ఆంపియర్లు అని వ్రాసి ఉంటుంది. 1000 కేవీ 2212కి 1045 రెక్కతో 3ఎస్ మీద 800 గ్రాములకు అటూ ఇటూ వస్తుంది. మనకు సరిపోయింది. పట్టిక లేని మోటారును కొనకండి. చీటీ లేని విత్తన సంచి వంటిది అది.

పట్టికలో గరిష్ఠం 15 ఆంపియర్లు ఉంటే ఈఎస్‌సీ 20 ఆంపియర్లకు తక్కువ కాకూడదు. 30 ఆంపియర్లది వేస్తే ఇంకా నిశ్చింత. నాలుగు మోటార్లకు కలిపి 60 ఆంపియర్లు. అంత కరెంటు బ్యాటరీ ఇవ్వగలదా? 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ మీద 20సీ అని ఉంటే 5ని 20తో గుణించండి, 100 ఆంపియర్లు. చాలును. 2,200 ఎంఏహెచ్, 25సీ అయితే 55 మాత్రమే. చాలదు. ఆ ‘సీ’ అంకెను కొందరు పెంచి వేస్తారు గనుక కొంత మిగులు చూసుకోండి.

ఎంతసేపు ఎగురుతుంది? ఒక్కొక్క వాటు 7 గ్రాములు మోస్తుందనుకుంటే 1,400 గ్రాములకు 200 వాట్లు, అంటే సుమారు 18 ఆంపియర్లు. 5,000 ఎంఏహెచ్‌లో 80 శాతమే వాడవలెను. లెక్కవేస్తే 13 నిమిషాలు. అరగంట ఎగురుతుందని ఎవరైనా చెబితే ఈ లెక్క వారి ముందు పెట్టండి.

మన ఎండలనూ మరువరాదు. 15 డిగ్రీల వద్ద ఉండే గాలికంటె 42 డిగ్రీల గాలి సుమారు 9 శాతం పలుచన. అదే వేగానికి ఎత్తే బలం అంతమేరకు తగ్గుతుంది. మోటారు కూడా చల్లారదు. మామూలు రకం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది. కనుక ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున ఎగరేయండి. మొదటిసారి ఒక్క నిమిషం గాలిలో నిలిపి, దించి, బ్యాటరీ ఊడదీసి, మోటారుకు వేలు ఆనించి చూడండి. వేలు నిలవకపోతే రెక్క పెద్దదని అర్థం. ఒక అంగుళం తగ్గించండి.

ఇప్పుడు చెప్పేవి ప్రాణానికీ, వేళ్ళకూ సంబంధించినవి. మోటారును మొదటిసారి తిప్పి చూసేటప్పుడు రెక్కలు బిగించరాదు. నిమిషానికి 8,000 చుట్లు తిరిగే 10 అంగుళాల రెక్క కొస గంటకు 380 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అది కొడవలి కంటె హీనంగా చూడదగినది కాదు. రెండు రెక్కలు ఒక దిక్కుకు, రెండు ఎదురు దిక్కుకు తిరిగేవి ఉంటాయి. మూలకు మూల ఒకే దిక్కు. పగుళ్ళు పట్టిన రెక్కను జిగురు పెట్టి వాడరాదు. బ్యాటరీని గడ్డివామి పక్కన, పడకగదిలో చార్జి పెట్టరాదు. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ చార్జి చేయరాదు. కరెంటు తీగెలకు, పశువులకు, జనానికి దూరంగా ఎగరేయండి.

చట్టం సంగతి కూడా రెండు మాటలు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉన్నది మైక్రో తరగతి. వ్యాపారానికి కాక సరదాకు వాడితే ఈ తరగతికి పైలెట్ సర్టిఫికెట్ అక్కరలేదు. మిగతా నిబంధనలు, నమోదు సంగతి కనుక్కోండి. శ్రీహరికోట రాకెట్ కేంద్రం మనకు దాపులనే ఉన్నది గనుక డిజిటల్ స్కై పటంలో మీ ఊరు ఏ రంగులో ఉందో చూడనిదే ఎగరేయవద్దు. ఇంట్లో కట్టిన డ్రోనుకు మందు డబ్బా తగిలించే ఆలోచన ఎంతమాత్రమూ వద్దు. మందు చల్లకానికి కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ప్రత్యేకంగా పద్ధతులు ప్రకటించింది. దానికి ధ్రువీకరించిన యంత్రం, శిక్షణ పొందిన మనిషి కావలెను.

చివరికి మా కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాను. కాలిన నాలుగింటి బదులు 13 చుట్ల మోటార్లు నా ఖర్చుతో తెప్పించాను. అది ఔదార్యం కాదు, అప్పు తీర్చడం. రెక్కలు అవే 10 అంగుళాలవి. ముందు తరాజు పెట్టి తూచాము, లెక్క కాగితం మీద వేశాము. ఆ రోజు డ్రోను తోట మీద పది నిమిషాలు కదలకుండా నిలబడింది. పెద్దాయన ఫోనులో తన తోటను పైనుంచి మొదటిసారి చూసుకుని, “ఆ మూల నాలుగు చెట్లు వాడినాయి, పైపు పగిలినట్టుంది” అని పార తీసుకుని బయలుదేరాడు.

విస్తరణ మిత్రులారా, మనకు తెలియనిదాన్ని “కనుక్కొని చెబుతాను” అనడంలో చిన్నతనం లేదు. తెలియక చెప్పిన సలహాకు సొమ్ము పోగొట్టుకునేది రైతు. రైతు సోదరులారా, మీరు మూడు మాటలు గుర్తుంచుకోండి: ముందు బరువు తూచండి, ఆ బరువుకు రెక్క చూడండి, ఆ రెక్కకు మోటారు వెదకండి. పొట్టి ఎద్దునూ పొడుగు ఎద్దునూ ఒక కాడికి కట్టని మీకు జోడు కుదర్చడం ఇంకొకరు నేర్పాలా?